మాట ఇచ్చిన ధర

శ్రీలంక నుంచి వచ్చి నెల దాటింది. ఇప్పటికీ మా ఛత్రినాక గల్లీలో ఎవరు ఎదురుపడినా అడిగే మాట ఒక్కటే: "మస్తు సస్తాగ అయిపోయిందట గదా అక్కా?" సముద్రం ఎట్లా ఉందని అడిగినవాళ్ళు లేరు. అక్కడి మనుషులు ఎట్లా బతుకుతున్నారని అడిగినవాళ్ళు అసలే లేరు. అవును, చవకగానే అయింది. ఆ మాటే చెప్పి ఇంట్లోకి వచ్చేస్తాను కానీ, తలుపు వేసుకున్నాక నా మీద నాకే చిరాకు పుడుతుంది. చెప్పాల్సింది అది కాదు, మా మేనత్త సంగతి. అది కూరగాయల సంచీ చేత్తో పట్టుకుని గల్లీలో నిలబడి చెప్పేంత చిన్నది కాదు గనక ఇట్లా కూర్చుని రాస్తున్నాను.

అత్త మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. పేరు రాజమణి. డెబ్బై అయిదు దాటింది. మోకాళ్ళు తప్ప అన్నీ బాగానే ఉన్నాయని ఆమె అంటుంది, నోరు మరీ బాగుందని నేనంటాను. నా చిన్నతనంలో మా నాన్నది రైల్వేలో ఊళ్ళు తిప్పే ఉద్యోగం. మా అమ్మకు ఎప్పుడూ ఏదో ఒక నలత. అందుకని నన్ను చదువు పేరు చెప్పి అత్త ఇంట్లో వదిలిపెట్టారు. అమ్మ కోసం మొదట్లో రెండు మూడు రోజులు ఏడ్చి ఉంటాను. ఆ తర్వాత ఏడవడానికి తీరిక దొరకలేదు. అత్త ఇల్లు అట్లాంటిది, తెల్లారిందంటే ఎవరినీ ఊరికే కూర్చోనివ్వదు.

అత్తకూ మామకూ చార్మినార్ వెనక సన్నపాటి గల్లీలో గాజుల దుకాణం ఉండేది. పేరుకు మామది. మామ మంచివాడు, మెత్తనివాడు, రోజంతా చాయ్ తాగుతూ వచ్చిన ప్రతివాళ్ళకూ చాయ్ చెప్పేవాడు. దుకాణం నడిపింది మాత్రం అత్తే. పొద్దున వాకిలి కడిగి, జొన్న రొట్టెలు చేసి, పచ్చిపులుసు కలిపి, టిఫిన్ డబ్బా నా చేతికిచ్చి, నన్నూ డబ్బానూ రిక్షాలో పడేసుకుని బయలుదేరేది. బడి లేని రోజుల్లో నేను దుకాణంలోనే ఉండేదాన్ని. వెనక గదిలో లక్క గాజులు చేసే ఒక కుటుంబం పని చేసుకునేది. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతుంటే వచ్చే వాసన, ముందు అత్త వేసిన సాంబ్రాణి పొగ, పక్క హోటల్లో మరిగే పాలు, ఈ మూడూ కలిసి దుకాణానికి ఒక వాసన ఉండేది. ఇప్పుడు కూడా ఎక్కడైనా సాంబ్రాణి వేస్తే నాకు భక్తి కలగదు, ఆకలి వేస్తుంది.

డబ్బును ముట్టుకునే తీరు అత్తను చూసి నేర్చుకోవాలి. నోటును ఎంగిలి వేలితో తాకనిచ్చేది కాదు. గల్లా పెట్టె పక్కన ఒక గిన్నెలో తడిగుడ్డ ఉండేది, వేలు దానికి అద్దుకోవాల్సిందే. ఒకసారి మామ మరిచిపోయి నాలుకకు వేలు అద్దుకుంటే, కొనడానికి వచ్చినవాళ్ళ ముందే ఆయన చేతిలోంచి నోట్లు లాగేసుకుంది. బోణీ డబ్బు కళ్ళకద్దుకుని విడిగా పెట్టేది. చినిగిన నోటు వస్తే విసుక్కోకుండా మధ్యాహ్నం డబ్బాలోంచి ఒక మెతుకు తీసి, కాగితం ముక్కతో అతికించి, ఎండలో ఆరబెట్టేది. సాయంత్రం నోట్లన్నీ ఒకే వైపు ముఖం ఉండేటట్టు సర్దితే గానీ దుకాణం కట్టేసేది కాదు. ఇదంతా పిసినారితనం అనుకునేరు. బేరంలో ఆమె అంత ధారాళమైన మనిషిని నేను చూడలేదు. గంటసేపు బేరమాడేది, నవ్వించేది, కోప్పడేది, చాయ్ తాగించేది, చివరికి ఎంతో కొంత తగ్గించేది. ఆ ఆట ఆమెకు ప్రాణం. కానీ ఒకసారి "సరే, తీస్కపో" అన్నదా, ఇక ఆ ధర మారదు. ముందు మాట్లాడుకున్న ధరను పాతబస్తీ బజారులో జబాన్ అంటారు, ఇచ్చిన మాట అని. నోటు చినిగితే అతికించవచ్చు, జబాన్ పోతే దుకాణం కట్టేసుకోవాల్సిందే అని ఆమె నమ్మకం.

ఇక ప్రయాణం సంగతి. మామ పోయాక, దుకాణం కొడుకు చేతికి వచ్చాక, అత్త నా దగ్గర ఒక్కటే కోరిక బయటపెట్టింది. "సముద్రం సూడాలె బిడ్డా. గంతే." విశాఖపట్నం పోదామంటే, "గాడికి అందరు పోతరు" అని పెదవి విరిచింది. విమానం ఎక్కాలని ఉందని నాకు అప్పుడు అర్థమైంది. నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై ఖాళీగా ఉన్నాను, శ్రీలంక ప్రయాణం సిద్ధం చేశాను. అక్కడ సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, ఇంటి మీది గదులు అద్దెకిచ్చే ఒకామెతో ఫోన్లో మాట్లాడాను. పేరు కుసుమ. రోజుకింత, రెండు పూటల భోజనంతో కలిపి, వాళ్ళ రూపాయల్లో ధర అనుకున్నాం. అనుకున్న కొన్నాళ్ళకే వాళ్ళ దేశం డబ్బు కుప్పకూలింది. మన రూపాయికి అంతకుముందు వచ్చినదానికి దాదాపు రెట్టింపు వస్తోంది. నేను రోజూ పొద్దున ఫోన్లో రేటు చూసుకుని మురిసిపోయేదాన్ని. ఉన్నమాట చెబుతున్నాను, బ్యాంకులో పని చేసినదానికి ఆ అలవాటు పోదు.

అక్కడ గ్యాసు లేదట, మందులు లేవట, పెట్రోలుకు రోజుల తరబడి లైనట అని టీవీలో చూసి, మా వాళ్ళంతా వద్దన్నారు. అత్త సన్నబియ్యం ఒక సంచిలో, మామిడికాయ తొక్కు ఒక డబ్బాలో కట్టుకుని కూర్చుంది. దిగాక డబ్బు వ్యవహారమంతా ఆమే చేతిలోకి తీసుకుంది. విమానాశ్రయం బయట ఒకడు దగ్గరికి వచ్చి, డాలర్లు ఇస్తే బ్యాంకు కంటే చాలా ఎక్కువ ఇస్తానన్నాడు. నేను ఆగాను. అత్త నా మోచేయి పట్టి లాగింది. "గా మనిషి మన మొఖం సూస్తలేడు, మన సంచి సూస్తున్నడు. నడువు." బ్యాంకు కౌంటర్లో కూడా అంతా ఒకేసారి మార్చనివ్వలేదు. "ఇయ్యాల్టికి, రేపటికి ఎంత గావాల్నో గంతే మార్చు. ఎల్లుండి రేటు నీకెరుకనా?" అంది. ఇరవై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చున్న నాకు చెప్పాల్సిన మాటేనా అనిపించింది గానీ, చెప్పింది నిజమే, రోజుకో రకంగా పడిపోతోంది రేటు. చిల్లర నోట్లు అడిగి తీసుకుని కొంగున కట్టుకుంది. అదీ మేలే అయింది. కరెంటు పోతే కార్డు మిషన్లు పని చేయవు, పెద్ద నోటుకు ఎవరి దగ్గరా చిల్లర లేదు. మేం ఎక్కిన ఆటో అతను ముందటి రాత్రంతా పెట్రోలు కోసం లైనులో పడుకున్నాడట. అత్త అతనితో బేరం ఆడలేదు. ఆటోవాడితో అత్త బేరం ఆడకపోవడం నా జన్మలో అదే మొదటిసారి.

కుసుమకు నలభై ఏళ్ళుంటాయి. భర్తది చేపల పడవ, డీజిల్ లేక ఒడ్డునే ఉంది. ఆమె వయసులో ఉన్నప్పుడు కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరి చాలా ఏళ్ళు అక్కడే ఉందట. ఆ ఇంట్లో డ్రైవర్లు మన హైదరాబాదు వాళ్ళు. దానితో ఆమెకు వచ్చిన హిందీ అంతా మన పాతబస్తీ హిందీ. గది చూపించి, "పంఖా నక్కో బోలో అమ్మా, కరెంటిచ్ నై" అంది. ఫ్యాను అడగొద్దు, కరెంటే లేదని. అత్త మొహం వెలిగిపోయింది. సముద్రం దాటి వచ్చాక నక్కో అన్న మాట వినపడితే వెలగదా మరి. అప్పటినుంచి ఇద్దరూ ఒకటే ముచ్చట్లు, నేను పక్కన కూర్చుని వినడమే. గ్యాసు లేదు గనక కుసుమ పెరట్లో కట్టెల పొయ్యి మీద వండేది. కొబ్బరి పాలు పోసిన చేపల కూర, ఎర్ర బియ్యం అన్నం, బియ్యప్పిండి సేమ్యాలాంటి ఇడియాప్పం. పొగకు కళ్ళు ఎర్రబడి ఉన్నా, మేం తింటున్నంతసేపూ ఎదురుగా నిలబడి ఇంకొంచెం, ఇంకొంచెం అనేది. పొద్దునపూట అత్త చీర మోకాళ్ళ దాకా ఎత్తుకుని అలల్లో నిలబడేది. సముద్రాన్ని చూసి ఆమె పొగడలేదు, ఆశ్చర్యపోలేదు. "మస్తున్నది" అని ఒక్క మాట అని, ఎండ ఎక్కేదాకా అక్కడే ఉండేది.

అట్లా కొన్ని రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం అన్నాలు తిని వరండాలో కూర్చున్నాం. కుసుమ కంచాలు తీసుకుని లోపలికి పోయింది. అత్త ఆమె వెళ్ళిన వైపే చూస్తూ, "మనం దిగిననాడు గా పిల్ల చేతికి రెండు బంగారు గాజులుండె. మొన్న ఒక్కటే ఉండె. ఇయ్యాల రెండు చేతులు బోసిగున్నయి" అంది. నేను గమనించనే లేదు. జీవితమంతా మణికట్లు చూసిన మనిషి కదా, మొహం కంటే ముందు ఆమె కన్ను అక్కడికే పోతుంది.

"నువ్వు ఫోన్ల మాట్లాడినప్పుడు చేపల ధర ఎంతుండెనో, ఇప్పుడెంతున్నదో అడిగినవా?"

"నేనెందుకు అడుగుతాను అత్తా, భోజనంతో కలిపే కదా ధర అనుకున్నాం."

"నేనడిగిన బజార్ల. కట్టెలు, కొబ్బరికాయ, చేపలు, అన్ని మూడింతలైనయి. మనం ఇచ్చే కిరాయి మాత్రం గప్పటిదే. గా పిల్ల గాజులు అమ్ముకొని మనకు కూర వండి పెడుతున్నది."

"ఒక్క మాట అడిగితే పెంచి ఇచ్చేవాళ్ళం కదా."

"ఎట్లడుగుతది? జబాన్ ఇచ్చింది" అంది అత్త. నా వైపు తిరగకుండానే, "నేనడిగిన్నా?" అంది.

ఏం అడగలేదో నాకు వెంటనే తట్టింది. నేను ఆమె ఇంట్లో ఉన్న రోజుల్లోనే, బహదూర్‌పురా నుంచి ఒక పెద్దామె వచ్చి మనవరాలి పెళ్ళికి లక్క గాజులు చెప్పింది. ఒకటి రెండు జతలు కాదు, పెళ్ళికి వచ్చే ఆడవాళ్ళందరికీ పంచడానికి. మేమంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. ధర మాట్లాడుకున్నారు, చాయ్ తాగారు. ఆ తర్వాత లక్క దొరకకుండా పోయింది, పొదిగే రాళ్ళ ధర ఆకాశానికి ఎక్కింది. వెనక గదిలో పని చేసేవాళ్ళకు అత్త కొత్త ధర లెక్కనే కూలి కట్టి ఇచ్చింది. వాళ్ళ పొట్ట కొట్టేది లేదంది. ఖాలాను కొంచెం పెంచి అడుగుదామని మామ మెల్లగా అంటే, "మాట్లాడినప్పుడు రేటు ఎక్కితె ఏందని మనం అనుకున్నమా? అనుకోలే. గది మన తప్పు, ఆమెది గాదు" అంది. గాజులన్నీ పాత ధరకే ఇచ్చింది. ఖాలాకు సంగతి తెలియనే తెలియదు, దీవించి వెళ్ళిపోయింది. ఆ ఏడు మా ఇంట్లో పచ్చిపులుసే కూర, పచ్చిపులుసే చారు.

ఇంతవరకూ నాకు తెలిసిందే. తెలియంది అత్త ఆ వరండాలో చెప్పింది. "నా పెండ్లి గాజులు గప్పుడే పోయినయి. మీ మామకు గూడ నెల దాక తెల్వదు."

"ఎట్లా తెలియకుండా ఉంటుంది అత్తా, చేతులు కనబడవా?"

"గాజులమ్మే దాన్ని. మోచేతి దాక మట్టిగాజులేసిన. బంగారం పోయిన జాగ ఎవరికి కనబడ్తది?"

ఆ చేతులు నాకు గుర్తున్నాయి. ఆకుపచ్చా ఎరుపూ కలిసిన గాజులు రెండు చేతులకూ నిండుగా, రొట్టె తడితే గలగలమనేవి. బోనాలకు అలంకరించుకుంది కాబోలు అని, నాకూ అట్లాగే వేయమని మారాం చేశాను. వేసింది కూడా. మా అత్త ఎంత అందంగా ఉందో అని బడిలో చెప్పుకున్నాను. యాభై ఏళ్ళ తర్వాత, పరాయి దేశంలో, కరెంటు లేని వరండాలో ఆ గాజుల సంగతి తెలిసి నాకు దుఃఖం ఆగలేదు. అత్తకు ఏడుపులంటే పడదు. "నువ్వెందుకేడుస్తవ్? మల్ల చేయించుకోలేనా? చేయించుకున్న గద. ఇప్పుడు గీ పిల్ల సంగతి సూడు. నేను కప్పుకున్న. గీమెకు కప్పుకునుడు గూడ తెల్వదు" అంది.

నేను వెంటనే లేచాను. అదే నా తొందరపాటు. డాలర్లు తీసుకుని వంటింటి గడప దగ్గరికి పోయి, ధరలు పెరిగాయి కదా, ఇది ఉంచుకో అని కుసుమ చేతిలో పెట్టబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న మొహం బిగుసుకుపోయింది. "నక్కో అమ్మా. జో బోలే వోహిచ్ దేవ్." అనుకున్నదే ఇవ్వండి అని. నేను మళ్ళీ ఏదో నచ్చజెప్పబోతే, కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ ఒకరు దయతలచి ఇస్తే తీసుకున్నాననీ, ఇది తన ఇల్లు, ఇక్కడ ధర చెప్పేది తనేననీ అంది. ఆ సాయంత్రం కూర పెట్టింది గానీ ఇంకొంచెం అనలేదు. అత్త పైకి వచ్చాక నన్ను కడిగేసింది. "పైసలు గట్ల చేతుల పెడ్తరా, భిచ్చమేసినట్టు? ఆమె మాట ఆమె నిలబెట్టుకున్నది. నువ్వు పోయి దాన్ని పడగొడ్తనంటె ఊకుంటదా?"

బయలుదేరే రోజు పొద్దున అత్త స్నానం చేసి, గుళ్ళో కట్టుకోవడానికి తెచ్చుకుని కట్టకుండా దాచిన కొత్త చీర ఒకటి బయటికి తీసింది. సంచిలో మిగిలిన సన్నబియ్యం పళ్ళెంలో పోయించింది. నన్ను పిలిచి, అనుకున్నప్పటి విలువకూ ఇప్పటి విలువకూ తేడా ఎంతో లెక్క కట్టమంది. నేను ఇంకా కొంత కలుపుతానన్నాను. "వద్దు. తేడా ఎంతనో గంతే. ఎక్కువ పెడితె దానమయితది" అంది. ఆ నోట్లను బియ్యం అడుగున పెట్టి, కిందికి దిగి, కుసుమను పెరట్లోంచి పిలిచింది.

"నీకు అమ్మగారిల్లు ఉన్నదా?" అని ఆ పాతబస్తీ హిందీలోనే అడిగింది. కుసుమ తల అడ్డంగా ఊపింది. తాను కువైట్‌లో ఉండగానే అమ్మ పోయిందనీ, సెలవు దొరకక కడచూపుకు కూడా రాలేకపోయాననీ చెప్పింది. అప్పుడు అత్త మా వైపు ఆనవాయితీ చెప్పింది. అమ్మగారింటి నుంచి ఆడపిల్లకు కొన్నేళ్ళకోసారి ఒడిబియ్యం పోస్తారు. కొత్త చీర పెట్టి, కొంగు పట్టించి, ఒడిలో బియ్యం, పసుపు, కొబ్బరి పోసి పంపుతారు. అది దానం కాదు, ఆడపిల్ల హక్కు. వద్దంటే పుట్టింటికి మంచిది కాదు. "నేను పోస్తె ఒడి పడ్తవా?" అంది అత్త. కుసుమ చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని, వచ్చి కూర్చుంది.

నేను ఆమె భుజాల మీద చీర కప్పి, కొంగు ఒడిలో పరిచాను. అత్త పళ్ళెం నా చేతికి ఇవ్వబోయింది. భర్త పోయినవాళ్ళు ఒడిబియ్యం పోయకూడదంటారు మా వైపు, అది ఆమె మనసులో ఉంది. నేను పళ్ళెం తీసుకోలేదు, తిరిగి ఆమె చేతుల్లోకే నెట్టాను. అత్త నన్ను ఒక చూపు చూసి, దోసిలి తర్వాత దోసిలి పోయడం మొదలుపెట్టింది. చివరి దోసిలితో నోట్లు కూడా జారి బియ్యంలో కలిసిపోయాయి. కుసుమ చూసిందో లేదో తెలియదు, ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "ఇగ నీ చేత్తోని ఒక్క పిడికెడు నాకియ్యాలె. ఆడపిల్ల ఇచ్చిపోతెనే అమ్మగారిల్లు నిండుగ ఉంటది" అని అత్త తన కొంగు చాపింది.

కుసుమ ఒడిలో చెయ్యి పెట్టింది. చెయ్యి ఆగిపోయింది. నోట్లు తగిలాయని మా ఇద్దరికీ అర్థమైంది. ఆ పిడికిలితో నోట్లు కూడా పైకి వస్తే ఇక చేయగలిగింది ఏమీ లేదు. అత్త మాత్రం సముద్రం వైపు తిరిగి, పడవలు చూస్తున్నట్టు కూర్చుంది. కుసుమ ఆమె మొహంలోకి చూసింది. ఒడిలో వేళ్ళు మెల్లగా కదిలాయి. చెయ్యి పైకి వచ్చింది, దాంట్లో బియ్యం తప్ప ఏమీ లేదు. ఆ బియ్యం అత్త కొంగులో పోసి, ఒంగి ఆమె కాళ్ళకు దండం పెట్టింది.

ఇప్పుడు దుకాణంలో గల్లా పెట్టె ముందు నలుపు తెలుపు గళ్ళ అట్ట ఒకటి నిలబెట్టారు. ఫోన్ చూపిస్తే చాలు, డబ్బు వచ్చిందని మిషనే అరిచి చెబుతుంది, ఎవరి వేలూ తడవదు. మంచిదే, నేనూ అట్లాగే కడుతున్నాను. లోకంలో ఏ దేశం డబ్బు ఏ గంటకు ఎంతో నా ఫోనుకు తెలుసు. కానీ ఎదుటి మనిషికి ఆ గంటలో ఏం పోతోందో చూసే కన్ను నాకు అత్తలోనే కనబడింది, ఇంకా ఆమె దగ్గరే ఉంది. నేర్చుకోవడానికి నాకు ఆలస్యమైంది గానీ, ఆమె పక్కన ఉన్నంతకాలం ఆశ వదులుకోను.

ఇల్లు చేరిన రోజు అత్త చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి పోయింది. కొంగు ముడి విప్పి, ఆ పిడికెడు బియ్యం డబ్బాలో పోసి, చేత్తో కలిపింది. ఆమె కోడలు పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసి, "ఏం బియ్యం అత్తమ్మా అవి?" అంది.

అత్తకు ఒక్కడే కొడుకు. కూతుళ్ళు లేరు. డబ్బా మూత పెడుతూ, "నీ ఆడిబిడ్డ ఇచ్చి పంపింది" అంది.